వార్తలకు ఆగిన కత్తి

బాపూ,

నువ్వు చదవవని తెలిసినా ఈ సంగతి నీకే చెప్పాలనిపించింది.

వర్ధన్నపేట అంగట్లోకి తొక్కు పెట్టే మామిడికాయలు వచ్చాయి. నువ్వు పోయాక తొక్కు పెట్టడం ఇదే మొదలు. నిన్న సాయంత్రం వాకిట్లో అవ్వ కత్తిపీట ముందేసుకుని కాయలు కొడుతుంటే, నేను ముక్కల్లోంచి జీడి తీస్తూ కూర్చున్నాను.

తొక్కు రోజున మీ ఆలుమగలిద్దరికీ పడేది కాదు. చప్పుడుకు రేడియోలో వార్తలు వినిపించడం లేదని కత్తి ఆపమనేవాడివి. "ఏడనో వియత్నాంల లడాయైతే నా కాయలెందుకు ఆగాలె?" అని అవ్వ కసిరేది. "ఆళ్లు గూడ మన లెక్క వరి పండిస్తరే. నాట్లేసుకోనిస్తలేరు" అనేవాడివి. అవ్వ ఇంకా గట్టిగా కొట్టేది.

నిన్న రేడియో నేనే పెట్టాను. వార్తలు మొదలుకాగానే, ఎవరూ చెప్పకుండానే అవ్వ చెయ్యి ఆగింది. వియత్నాంలో యుద్ధం ముగిసిందట, బాపూ. నేను నీ మంచం వైపు చూశాను. అవ్వ చూడలేదు. వార్తలన్నీ అయిపోయేదాకా కత్తి పిడి అలాగే పట్టుకుని కూర్చుంది.

"ఇగ ఆళ్లు నాట్లేసుకుంటరా బిడ్డా?" అని అడిగింది.

"ఏసుకుంటరవ్వా."

"మంచిగైంది తియ్" అని, మరో కాయ కత్తి కింద పెట్టింది.