మస్కట్‌లో అమ్మ సమాధి

తబితక్కకు వందనాలు.

మస్కట్ నుంచి నిన్ననే ఏన్కూరు వచ్చిన. అక్కడ చిన్నప్పుడు మనమున్న పాత కోట పక్క గల్లీ అంతా దుకాణాలైంది. అమ్మ సమాధి దొరికింది. ముప్పై ఏండ్లకు ముండ్లు మొలిచుంటయనుకున్న గాని, శుభ్రంగ ఊడ్చి ఉంది. రాయి మీద అమ్మ పేరుకు కొత్త రంగేసిండ్రు. తెలుగు రానోళ్లు దిద్దిండ్రేమో, అక్షరాలు వంకరపోయినయ్.

అది అప్పటి మన పక్కింటి ఒమానీ ఆమె, జువైనమ్మ పని. అమ్మ నర్సుగ ఉన్నప్పుడు ఆమెకు కాన్పు చేసింది, యాదుందా? "నేనున్నన్ని దినాలు మీ అమ్మ ఒంటరిది కాదు" అని హిందీల అన్నది.

అమ్మ ఎముకలు తెచ్చి ఇక్కడ ఏన్కూరుల నాన్న సమాధి పక్కన పెడదామన్నవ్. కాగితాలు తయారైనయ్ గాని, నేనే సంతకం పెట్టలే. కోపమొస్తే తిట్టక్కా. గాని వచ్చే ఏడు నాతోని మస్కట్ రా. "పెద్దపిల్ల ఎందుకు రాలే?" అని జువైనమ్మ రెండుసార్లు అడిగింది.

నీ తమ్ముడు