దీమం కౌజు

కాకా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తార్నాక గదిలో నీ బుట్ట ఖాళీగానే ఉంది.

అందులో నువ్వు ఎరపిట్టగా సాకిన దీమం కౌజు కూస్తే, క్యాంపస్ తుప్పల్లోని అడవి కౌజులు పోట్లాటకు వచ్చి నీ వలలో పడేవి. వాటినే వండుకునేవాళ్ళం. దీమానికి మాత్రం నీ చేత్తో గింజలు పెట్టేవాడివి.

నువ్వు ఊరెళ్ళినప్పుడు హాస్టల్ దోస్తులకు పిట్టకూర తినిపిస్తానని గొప్పలు చెప్పి, వలలో ఏదీ పడక దీమాన్నే కోశాను. తిరిగొచ్చి నువ్వు తిట్టలేదు.

"నీ గొంతు ఇన్నా కూసేది గదరా అది" అన్నావు. మళ్ళీ వల విప్పలేదు.

ఇవాళ పొద్దున లైబ్రరీ వెనక కౌజు కూసింది. నువ్వు నేర్పిన కూత కూశాను. అది తుప్పలోంచి బయటికొచ్చి నా కాళ్ళ దాకా నడిచొచ్చింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను, కాకా.