చప్టా మలుపు

వెల్దుర్తి,
10-2-1987.

సౌభాగ్యవతి రామలక్ష్మికి,

మీ ఆయన సాంబశివరావు ఆశీస్సులతో రాసేది. ఇక్కడ నేనూ వదినా క్షేమం. నువ్వూ, నీ కడుపులో ఉన్న మన బిడ్డా ముప్పాళ్ళలో పుట్టింట చల్లగా ఉన్నారని తలుస్తాను. అత్తయ్యకూ మామయ్యకూ నా నమస్కారాలు. మీ తమ్ముడు ఏడుకొండల్ని అడిగానని చెప్పు. మిరపకాయ కల్లంలో ఎండుతోంది. ఘాటుకి ఇల్లంతా తుమ్ములే. అన్నయ్య ఫోటో దుర్గిలో శిల్పుల దగ్గర ఇచ్చి వచ్చాను. విగ్రహానికి మీసం సరిగ్గా రాకపోతే ఒప్పుకోనని వదిన ఇప్పటినుంచే గొడవ.

నువ్వు అడిగిన దానికి జవాబు రాస్తాను. ఆదివారం వస్తే చాలు, తెల్లారకముందే బండేసుకుని ఎక్కడికో పోతున్నానని వదిన నీకు రాయించిందంట గదా. పేకాటకి కాదు. ఇంకో ఆడమనిషి దగ్గరికీ కాదు, నవ్వు. మోటారు సైకిలు తోలడం నేర్చుకుంటున్నాను.

తోలడం వచ్చు గదా అంటావు. పొలం దాకా పోయి రావడం తోలడం కాదంట. సాగర్ దారిలో విమానాలు దిగని పాత రన్‌వే ఒకటుంది. ఇప్పుడు దాని మీద మేకలు తిరుగుతున్నాయి. మాచర్ల కుర్రాళ్ళూ, నరసరావుపేట కుర్రాళ్ళూ కలిసి ఆదివారాలు అక్కడ ప్రాక్టీసు పెట్టుకున్నారు. పాత టైర్లు పేర్చి, సున్నంతో గీతలు గీసి, మలుపులు చేస్తారు. వంతులవారీగా తోలాలి. నేర్పేది అబ్దుల్ మజీద్ అని మాచర్లలో మెకానిక్. వయసులో ఉండగా మద్రాసు దగ్గర షోలవరం పందేల్లో తోలాడు. నేను మామా అంటాను, ఆయన అల్లుడూ అంటాడు. మిగతా వాళ్ళందరికీ పందేల పిచ్చి. పడితే లేచి నవ్వుకుంటారు. నాకు నవ్వు రాదు.

నాకెందుకో నీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు అన్నయ్య వెనక బండి మీద కూర్చున్నది నేనే గదా. కాలవ మీది చప్టా మలుపులో ఎంత మొనగాడైనా బండి నెమ్మదించాల్సిందే. అన్నయ్య నెమ్మదించాడు. పగబట్టినవాళ్ళు ఆ సంగతి తెలిసే కత్తులతో అక్కడ తుప్పల్లో కూర్చున్నారు. అన్నయ్యని అక్కడే నరికేశారు, నేను కాలవలో పడి బతికాను. ఇప్పుడు గురజాల కోర్టులో కళ్ళారా చూసిన సాక్షిని నేనొక్కణ్ణే.

పోయిన వాయిదాకి బస్సులో పోయాను. నీకు రాయలేదు. వాళ్ళ ఊరి సెంటర్లో బస్సాగినప్పుడు ఇద్దరు వచ్చి నా కిటికీ పక్కన నిలబడ్డారు. బీడీ కాలుస్తా, బస్సు కదిలేదాకా నా మొహమే చూశారు. గురజాలలో కండక్టరు చెయ్యి పట్టుకుని దిగాను రామలక్ష్మీ. ఇక ఆ బస్సెక్కలేను. బండి మీదైతే వేరే దారిన పోవచ్చు, వాళ్ళ ఊరు తగలదు. కానీ చప్టా మలుపు తగులుద్ది. అక్కడ ఆగినట్టు కాకుండా దాటగలగాలి. అంతే నాకు కావాల్సింది.

మొదటి ఆదివారమే పడ్డాను. మలుపులోకి పోయాక భయమేసి ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను, బండి నన్ను అవతలికి విసిరేసింది. మోచెయ్యి దోక్కుపోయింది, అంతకన్నా ఏమీ లేదు. మజీద్ మామ వచ్చి, ముందు నా ఎముకలన్నీ తడిమి చూసి, ఆ తర్వాత తిట్టాడు. భయపడేదేదో మలుపు రాకముందే భయపడు అల్లుడూ, బ్రేకూ అక్కడే పట్టు, గేరూ అక్కడే మార్చు, లోపలికి వచ్చాక మాత్రం వదిలెయ్, అన్నాడు. బయటి అంచు నుంచి లోపలికి రావాలంట, మళ్ళీ బయటికి పోవాలంట. ఎక్సిలేటరు మెల్లగా తిప్పుతా ఉండాలంట. చూపు ఎటుంటే బండి అటే పోద్దంట. టైరు వంక చూస్తే టైరుకే గుద్దుతాం. నిజమే, నేను మూడుసార్లు గుద్దాను.

నిన్నకాక మొన్న ఇంకో సంగతి కనిపెట్టాడు. మలుపులో బండిని పక్కకి పడుకోబెట్టాల్సిన చోట నేను అద్దంలో వెనక్కి చూస్తున్నానంట. వెనక ఎవరున్నారని చూస్తున్నావు అని అడిగాడు. కాసేపు నా మొహం చూసి, స్పానరు తెచ్చి, అద్దం ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు పో అన్నాడు. వీపు మీద చర్మం ఒలిచినట్టు అనిపించింది. ఆ చుట్టంతా నా వెనకే ఎవరో పరుగెత్తుకొస్తున్నట్టు ఉంది. కానీ ఆ చుట్టే, మొట్టమొదటిసారి, ఎక్కడా టైరు తగలకుండా పోయాను.

నీకు ఈ నెలల్లో ఇట్లాంటివి రాయకూడదని తెలుసు. రాయకపోతే ఎవరితో చెప్పుకోను. వదిన ముందు ధైర్యంగా ఉండాలి. ఆమె చీకటి పడకముందే తలుపుకి రోకలి అడ్డం పెట్టి, ఆ తర్వాత కూడా రెండుసార్లు లేచి చూసుకుంటది. వేళకి తిను. టానిక్ మానబాకు.

నీ క్షేమం కోరే,
సాంబశివరావు.


నరసరావుపేట,
18-3-1987.

సౌభాగ్యవతి రామలక్ష్మికి,

నీ సాంబశివరావు దీవెనలతో రాసేది. ఉత్తరం మీద నరసరావుపేట అని చూసి కంగారుపడబాకు. నాకు ఒంటి మీద గీత కూడా పడలేదు. కూర్చుని నిదానంగా చదువు. అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకో.

ముందు మంచి మాట. సోమవారం గురజాల కోర్టులో నా సాక్ష్యం అయిపోయింది. బోనెక్కాను. వాళ్ళ వకీలు తిప్పి తిప్పి అడిగాడు. సందె చీకట్లో మనుషుల్ని ఎట్లా గుర్తుపట్టావన్నాడు. పుట్టినప్పటినుంచి చూస్తున్న మొహాలండీ అన్నాను. జడ్జి గారు చూపించమంటే వేలు పెట్టి ఒక్కొక్కరినే చూపించాను. మన వకీలు బయటికి వచ్చి భుజం తట్టి, చీకటి పడకముందే ఇల్లు చేరు అన్నాడు. ఆ మాటతో ఉన్న ధైర్యం కాస్తా పోయింది.

నీకు ఇప్పటిదాకా దాచిన సంగతి ఒకటి రాయాలి. నెల రోజులుగా ఒక మోటారు సైకిలు నా వెనక వస్తోంది. నల్ల బండి. తోలేవాడు మొహానికి తువ్వాలు చుట్టి, నల్లద్దాలు పెట్టుకుంటాడు. నేను ఆగితే దూరంగా ఆగుతాడు. కదిలితే కదులుతాడు. మాచర్ల పోయినా వచ్చాడు, రన్‌వే దగ్గర కంచె అవతల తుమ్మ చెట్ల కింద నిలబడి మా ప్రాక్టీసు చూశాడు. నేను ఎట్లా తోలుతానో తెలుసుకోవడానికి వచ్చాడనుకున్నాను. ఆ ఆదివారం మజీద్ మామకి అంతా చెప్పేశాను. ఆయన పోయి, ఊడదీసిన అద్దం తెచ్చి, బండికి తనే బిగించి ఇచ్చాడు. అది చూశాక ఇంకా భయమేసింది.

సోమవారం సాయంత్రం మాచర్ల దాటాక అద్దంలో మళ్ళీ ఆ బండి కనపడింది. రోజూ దూరంగా ఉండేవాడు ఆ రోజు దగ్గర పడుతున్నాడు. నేను వేగం పెంచితే పెంచాడు. పొద్దు గుంకింది, రోడ్డు మీద ఇంకెవ్వరూ లేరు. చప్టా వస్తోంది. ముందు తుప్పల్లో ఎవరున్నారో, వెనక వీడు. అన్నయ్యకి పట్టిన గతే నాకూ పట్టింది అనుకున్నాను. నువ్వు గుర్తొచ్చావు. పుట్టబోయే బిడ్డ మొహం ఎట్లా ఉంటదో ఊహించుకుందామంటే రాలేదు.

మలుపు రాకముందే బ్రేకు పట్టాను, గేరు దించాను. తుప్పల వంక చూడకూడదు, చూస్తే అందులోకే పోతాను. అవతలి ఒడ్డున తెల్ల రాయి ఉంది గదా, దాని మీదే కళ్ళు పెట్టుకున్నాను. ఒళ్ళు వదులు చేసి బండిని పడుకోబెట్టాను. అంత భయంలోనూ చెయ్యి మాత్రం దాని పని అది చేసింది. కంకర మీద వెనక చక్రం కాస్త జారింది, మళ్ళీ పట్టుకుంది. తుప్పల్లోనుంచి ఎవరూ రాలేదు. దాటాను రామలక్ష్మీ. అన్నయ్య దాటలేని చోటు దాటాను.

అప్పుడు వెనక చప్పుడైంది. ఇనుము రాతికి కొట్టుకున్న చప్పుడు. అద్దంలో చూస్తే రోడ్డు ఖాళీ. పడ్డాడు అనుకున్నాను. నీ దగ్గర దాపరికం లేదు, సంతోషం వేసింది. ఆ సంతోషంలో ఇంకా కొంత దూరం పోయాను. కానీ పడ్డ బండి ఇంజను ఆగలేదు. ఆపేవాడు లేక అట్లాగే అరుస్తోంది. దాని మధ్యలో అమ్మా అన్న కేక ఒకటి వినపడింది.

ఆగాను. పోదామా, వద్దా. ఇదంతా నాటకమేమో, దగ్గరికి పోతే తుప్పల్లోవాళ్ళు లేస్తారేమో. రన్‌వే మీద ఎవడు పడ్డా ముందు పోతున్నవాడు వెనక్కి రావాలని మజీద్ మామ కట్టడి. అందుకని వెనక్కి తిరిగానని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి ఆ ఇంజను అరుపు భరించలేక తిరిగాను. రోడ్డు పక్కన రాయి ఒకటి ఏరుకున్నాను. పిడికిలికి నిండుగా ఉంది. ఆ అరుపు వైపే నడిచాను. నా ఊపిరి నాకే ఎవరిదో అనిపించింది.

కాలవలో నేను ఆ రోజు పడ్డ చోటుకి కాస్త అవతల పడి ఉన్నాడు. మలుపు మధ్యలో బ్రేకు పట్టాడు, నేను మొదటి ఆదివారం చేసినట్టే. దగ్గర కత్తి లేదు, బరిసె లేదు, ఏమీ లేదు. ఎవరని ఇప్పుడు అడగబాకు. బండి తాళం తిప్పి ఇంజను ఆపాను. నాపరాళ్ళ లారీ వస్తే అడ్డం నిలబడి ఆపాను. డ్రైవరు మంచివాడు, మాచర్ల ఆస్పత్రిలో దించాడు. అక్కడివాళ్ళు ఇక్కడికి పంపారు. మెడ దగ్గర ఎముక విరిగింది, కాలికి కుట్లు పడ్డాయి. ప్రాణానికి ఏమీ లేదని పెద్ద డాక్టరు చెప్పాడు. తోడు ఎవరూ లేక నేనే ఉన్నాను.

వదినకి కబురు పంపాను. ఆమె విని, పడ్డవాణ్ణి చూసుకుని రా, ఇంటి సంగతి నేను చూసుకుంటానని చెప్పి పంపింది. రోకలి సంగతి అడగలేదు నేను.

భయం పోయిందా అంటే పోలేదు. కేసు తీర్పు రావాలి. వాళ్ళు ఇంకా బయటే ఉన్నారు. కానీ బిడ్డ పుట్టేనాటికి ముప్పాళ్ళ వస్తాను, బస్సులో కాదు, బండి మీదే వస్తాను. ఒళ్ళు జాగ్రత్త.

ఎప్పటికీ నీవాడు,
సాంబశివరావు.

తా.క. కవరు అంటించబోతుంటే మంచం మీదనుంచి పిలిచి, అక్కకి నిజం రాశావా అని అడిగాడు. రాయలేదన్నాను. రాయి, లేకపోతే సత్తెనపల్లి బస్సులో ఎవరో ఒకరు వంకరగా చేరవేస్తారు అన్నాడు. రామలక్ష్మీ, పడ్డది మన ఏడుకొండలు. ఇడ్లీ తిన్నాడు, ఇప్పుడు నిద్రపోతున్నాడు, ఏడవబాకు. పోయిన నెల నేను రాసిన ఉత్తరం చదివి నువ్వే వాణ్ణి పంపావంట గదా. నాకు తెలిస్తే నామోషీ పడతానని, కనపడకుండా కాపలా ఉండమన్నావంట. స్నేహితుడి బండి అడిగి తీసుకుని, మాచర్లలో మకాం పెట్టి, నెల రోజులు నా వెనకే తిరిగాడు పిచ్చోడు. చప్టా దగ్గర నన్ను ఒంటరిగా వదలకూడదని ఆ రోజు దగ్గరికి వచ్చాడంట. నేను దాన్ని చూసే పారిపోయాను. వాణ్ణి తిట్టబాకు. నిన్ను నువ్వూ తిట్టుకోబాకు. కాలవలో వాడి మీదకి వంగినప్పుడు తువ్వాలు మొహానికి అట్లాగే ఉంది, అద్దాలు ఎగిరిపోయాయి, కళ్ళొక్కటే కనపడుతున్నాయి. నేను ఇంకా గుర్తుపట్టలేదు. వాడు నా చేతిలో రాయి చూశాడు. చూసి, అంత నొప్పిలో, చిన్నపిల్లాడికి చెప్పినట్టు అన్నాడు: భయపడబాకు బావా, నేనే.