బంగారు నాచు

ప్రియమైన అక్కా,

మనం డబ్బాలతో మోసి, కాచి, గుడ్డలో వడకట్టిన సముద్రపు నీళ్ళు గుర్తున్నాయా? ఇప్పుడు మన ఆలిచిప్పల కేంద్రానికి ఆరువందల మీటర్ల లోతు నుంచి గొట్టంలో వస్తున్నాయి. ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. క్రిములు దాదాపు లేవు, నాచుకు కావలసిన సత్తువంతా ఉంది. తీరా ఆ భాగ్యం పట్టేసరికి, ఆలిచిప్ప పిల్లలకు మేతగా పెంచే మన బంగారు నాచు చచ్చిపోయింది. చివరిసారి వాడిన సముద్రపు పైనీళ్ళలో ఏదో పురుగు చేరి తినేసింది. కొన్న నాచు వేస్తే ఆలిచిప్ప పిల్లలు మూతి తిప్పుకుంటున్నాయి. మూడు వారాల్లో మేత అందకపోతే ఈ విడత మొత్తం పోతుంది. మీ కిటికీలో మన నాచు సీసా ఉందిగా, పంపరూ?

మీ సీసాలరాణి

ముద్దుల సీసాలరాణీ,

పదవీ విరమణ నాడు ఆ నాచు గది నుంచి నేను తెచ్చుకున్నది ఈ సీసా ఒక్కటే. పన్నెండేళ్ళుగా ప్రతి శుక్రవారం పాత సీసాలోంచి కొత్తదానిలోకి ఒక చెంచాడు మారుస్తున్నాను, జ్వరంలోనూ మానలేదు. ఇవాళ ఎండకెత్తి చూశాను, మేలిమి బంగారమే. పంపుతున్నాను. చల్లటి నీళ్ళు గదివేడికి వచ్చాకే కలుపు. ఆనాడు తొందరపడి నా చేత తిన్న చివాట్లు జ్ఞాపకముంచుకో.

నా కంటి ఆపరేషన్ సంగతి ఇక అడగకు. తోడు లేనిదే చేయరట! ఒకరి చెయ్యి పట్టుకుని నడిచేదాన్ని కాను.

ఆశీస్సులతో,
అక్క

అక్కా,

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చించాను. చచ్చిన సీసాను దాచకూడదని నేర్పింది మీరే. మైక్రోస్కోపు కింద ఒక్క కణమూ కదల్లేదు. నీళ్ళు పాలిపోయి ఉన్నాయి. బంగారం సీసాలో లేదక్కా, అన్నీ పసుపుగా చూపించే మీ కంటిపొరలో ఉంది.

నా తప్పూ ఒకటుంది. "నేనుండగా రెండో ప్రతి ఎందుకే? పారెయ్!" అన్నారు చూడండి, ఆ రెండో నాచు గాజుగొట్టం నేను పారెయ్యలేదు. పై అరలో దీపం కింద దాచి, మూణ్ణెల్లకోసారి మారుస్తూనే ఉన్నాను. మీ సీసా వస్తే ఈ దొంగతనం బయటపెట్టే పనుండదనుకున్నాను. మొన్న దాన్ని లోతునీళ్ళలో వేశాను, నీళ్ళు గదివేడికి వచ్చాకే! కణాలు ఈదుతున్నాయి. పిల్లలు గట్టెక్కుతాయి. తిడితే తిట్టండి.

మీ రాణి

నా మాట వినని రాణీ,

నీ ఉత్తరం భూతద్దంతో చదివాను. మొదట ఒళ్ళు మండింది. ఆపై ఆ ఖాళీ కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. ఎన్ని శుక్రవారాలు ఒట్టి నీళ్ళకు సేవ చేశానో! నువ్వు నా ఆజ్ఞ పాటించి ఉంటే మన నాచు ఈ లోకంలో ఉండేది కాదు.

వచ్చే బుధవారం ఆపరేషన్. తోడు ఎవరని అడిగితే, "నా మాట జవదాటే మనిషి" అన్నాను. రా. ఆసుపత్రి మెట్లు నేనే ఎక్కుతాను. దిగేటప్పుడు మాత్రం చెయ్యి ఇయ్యి. కట్టు విప్పగానే తిన్నగా నీ నాచు తొట్టి దగ్గరికి తీసుకువెళ్ళు. అది ఏ రంగులో ఉందో ముందుగా చెప్పకు. నేనే చెబుతాను.

నీ అక్క