పెప్పర్ మెడలో గడియారం

వెండెల్,

సూప్ ఫ్రిజ్‌లో పై అరలో ఉంది. వేడి చేసుకుని తిను, ఉప్పు కలపకు. మెట్ల మీద మంచు పేరుకుంది. పార ముట్టుకున్నావంటే ఊరుకోను, పక్కింటి ఆర్విడ్ తీసేస్తానన్నాడు.

పదింటిలోపు డాక్టరుకి ఫోన్ చెయ్యి. సోమవారం నుంచి ఉత్తరాల సంచీ మొయ్యడం నీవల్ల కాదని నీ నోటితోనే చెప్పు.

పొద్దున పెప్పర్‌కి నీళ్లు పెడుతుంటే, దాని మెడపట్టీ కింద బొచ్చులో నీ అడుగులు లెక్కపెట్టే గడియారం కనబడింది. గుండె ఆపరేషనయ్యాక రోజుకి ఐదు వేల అడుగులు నడవమన్నది నిన్ను, కుక్కని కాదు. మొన్న డాక్టరు ఆ లెక్క చూసి, "భలే నడుస్తున్నావయ్యా, ఇక పనిలోకి వెళ్లొచ్చు" అని సంతకం పెడుతుంటే నవ్వుతూ కూర్చున్నావు. నేనూ నవ్వాను. వస్తూ వస్తూ కేకు కూడా కొన్నాను.

వీధి మలుపు దాకా వెళ్లేసరికే ఆయాసం వస్తోందని నాతో అంటే ఏం పోయేది? ఇరవై ఆరేళ్లు ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచిన మనిషివి, సిగ్గుపడ్డావని తెలుసు. కానీ ఆ సంచీతో ఎవరి గుమ్మం ముందో కూలిపోతే నేనేం కావాలి?

ఆరింటికల్లా వస్తాను.

నోరీన్

పెప్పర్‌ని తిట్టకు, దానికేం తెలుసు. నువ్వు నిద్రలో ఉండగా గడియారం నీ చేతికే పెట్టాను. సాయంత్రానికి అందులో నలభై అడుగులే ఉన్నా సరే. అవి నీవైతే చాలు.