నర్సును పిలవండి

ఆగస్టు 2012, మంగళవారం. ఉప్పల్.

రేపటి పేపరు ఇంటికి రాకుంటే బాగుండు.

ఢిల్లీ నుంచి దిగగానే నన్ను నాచారం దవాఖానాకు తీసుకెళ్లారు. మందుల ఫ్యాక్టరీలో చెయ్యి కాలిన కార్మికుణ్ణి ఎంపీగారు, అంటే నేను, పరామర్శించాలట. అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. "మేడం, ఇటు చూడండి" అన్నారు ఫొటోగ్రాఫర్లు. చూశాను.

అంతలో అతని భార్య నా కొంగు పట్టి లాగింది. "సిస్టరమ్మా, సెలైన్ సీసా అయిపోయింది. నెత్తురు పైపులకు ఎక్కుతున్నది, జర సూడు."

అదే దవాఖానాలో పదహారేళ్లు నర్సుగా చేశాను. పైపుకున్న చిన్న చక్రం తిప్పి మూయడానికి ఒక్క వేలు చాలు. నా చెయ్యి మాత్రం ఫొటో కోసం పెట్టిన చోటే ఉండిపోయింది. "ఎవరైనా నర్సును పిలవండి" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసి, తానే పైపును మడిచి గట్టిగా పట్టుకుంది.

"ఇదెక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాను, సిగ్గులేకుండా.

"నా కాన్పప్పుడు మా ఆయనకు నువ్వే గిట్ల పట్టుకోమని చెప్పినవ్ గద, సిస్టరమ్మా! మర్సిపోయినవా?"

ఎంత ప్రేమగా అందో. తిట్టినా బాగుండేది.