పోలమ్మక్క తెల్ల కాగితం

మంగళవారం, బోగోలు.

మా వయోజన విద్యా సంఘం ఊరూరికీ పెరుగుతా ఉంది. ఈ ఊరి ఆడోళ్లంతా పాసైతే ఇక్కడి బడి ఎత్తేసి కోట అనే ఊళ్లో పెడతామన్నారు, చదువు చెప్పే నన్నూ అక్కడికే పంపుతామన్నారు.

ఈరోజు పరీక్షలో పోలమ్మక్క తెల్ల కాగితం ఇచ్చింది. నిన్ననే పేపర్లో తుఫాను వార్త తడుముకోకుండా చదివిన మనిషి.

"ఏందక్కా ఇది?"

"పాసైతే నువ్వు పోతావు గదమ్మా. చేపలమ్మి వచ్చినాక మేం నలుగురం కూర్చునేదానికి ఇంకేం ఉంది?"

మిగతావాళ్లవీ తెల్ల కాగితాలే.

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. పాసైనా కాకపోయినా వచ్చే నెల బడి కోటకేనని పరీక్షకు ముందే సంఘం నుంచి ఫోన్ వచ్చింది. ఆ మాట చెప్పలేకపోయినాను.

ఇప్పుడు సున్నాలు వేస్తా కూర్చున్నా. పోలమ్మక్క కాగితం మీద మాత్రం, అలవాటు కొద్దీ రాసేసినట్టుంది, ఇంటిపేరుతో సహా ఆమె పేరు గుండ్రంగా ఉంది.